‘మార్చలేదా?’ కాదు, ‘ఎప్పుడు మార్చారు?’

(చిన్నపిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లు మొహమాటపడకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. పదకొండేళ్లు నలుగురు పిల్లల ఏడుపుల మధ్య ఫోన్ మాట్లాడినదాన్ని, నాకిది అలవాటే.

పగలంతా మన పిల్లల్ని చూసుకునే ఆవిడతో, నచ్చని సంగతి ఎలా మాట్లాడాలన్నదే ఇవాళ్టి విషయం. ముందు నా సంగతి చెప్తాను. మా అమ్మాయికి తొమ్మిదో నెల వచ్చాక నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. పాపను ఒకావిడ దగ్గర వదిలి వెళ్లేదాన్ని. ఆవిడ తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేది. మంచి మనిషి. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం నుంచి సాయంత్రం పాపను ఎత్తుకోగానే డైపర్ బరువుగా తగిలేది. ఇంటికెళ్లి విప్పితే తొడల మడతల్లో ఎర్రగా ఒరుసుకుపోయి ఉండేది. నేనేం చేశాను? ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నవ్వు మొహంతో పాపను అప్పగించాను. సాయంత్రం మళ్లీ అదే బరువు. ఇంట్లో మా ఆయన దగ్గర మాత్రం గంటసేపు ఆవిణ్ణి తిట్టిపోసేదాన్ని. “ఆ మాటేదో ఆవిడకే చెప్పొచ్చుగా” అంటే, “చెప్తే ఆ కోపం పాప మీద చూపిస్తుందేమో” అనేదాన్ని.

ఈ భయం ఇక్కడ ఎంతమందికి ఉంది? చేతులెత్తక్కర్లేదు, మొహాలు చూస్తే తెలుస్తూనే ఉంది.

మూడు వారాలయ్యాయి. ఒకరోజు ఆఫీసులో ఏదో చికాకు. ఆ చికాకంతా వెంటేసుకుని వచ్చి, గుమ్మంలో పాపను అందుకుంటూనే పేలిపోయాను. “అసలు డైపర్ మారుస్తారా మీరు? రోజూ ఇదే వరస!” పక్కన ఇంకో బాబు వాళ్ల నాన్న చెప్పులు వేసుకుంటున్నాడు. పాపం ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చెప్పులు వేసుకోవడానికి అంతసేపు పట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. (నవ్వులు) ఆవిడ మొహం ఎర్రబడింది. ఒక్క మాటే అంది: “మూడు వారాల నుంచీ ఇలా ఉంటే ఇవాళ చెప్తున్నారేంటమ్మా?”

తర్వాత నిదానంగా మాట్లాడుకుంటే అసలు సంగతి తెలిసింది. ఆవిడ సాయంత్రం నాలుగింటికి పిల్లలందరికీ వరసబెట్టి డైపర్లు మార్చేది. అయిదింటికి వస్తానని నేనే మొదట్లో చెప్పాను. రెండో వారం నుంచి నాకు ఆరున్నర అవుతోంది. ఆ గంటన్నర ఎవరి లెక్కలోనూ లేదు. అది నా తప్పు. ఇక ఆవిడ వాడే వైప్స్ సెంటు వాసన వచ్చేవి, మా పాప ఒంటికి అవి పడలేదు. పైగా తుడిచాక తడి ఆరకుండానే కొత్త డైపర్ వేసేసేది. అది ఆవిడ తప్పు. వైప్స్ మానేసి ఉత్త నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కాసేపు గాలి తగలనిచ్చి, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము రాస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. ఈ మాత్రం దానికి మూడు వారాలు పాప మంటతో పడుకుంది, నేను మొహమాటంతో పడుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్లకు ఉద్యోగం మానేసి నేనే మా ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టాను. అందుకని ఆ గుమ్మానికి అవతలా నిలబడ్డాను, ఇవతలా నిలబడ్డాను. ఇవాళ చెప్పేదంతా ఆ రెండు వైపుల నుంచీ చూసిందే.

మన భాషలో ఒక చిత్రం ఉంది. “డైపర్ మార్చలేదా?” “పాలు తాగలేదా?” “పడుకోలేదా?” చూడ్డానికి ఇవి ప్రశ్నలే. కానీ ‘లేదా’ వినపడగానే అవతలి మనిషికి తప్పు పట్టుకున్నట్టే ఉంటుంది. “మార్చానండీ!” అని వెంటనే జవాబు వస్తుంది. అది అబద్ధమని కాదు. బోనులో నిలబెడితే ఎవరైనా ముందు తమను కాపాడుకునే జవాబే చెప్తారు. అదే మాటను “ఆఖరిసారి ఎప్పుడు మార్చారక్కా?” అని అడిగి చూడండి. ఆవిడ ఆలోచిస్తుంది. “నాలుగింటికి... అవును, నాలుగింటికే” అంటుంది. ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది రెండున్నర గంటలయిందని. ఇక పోట్లాడుకోవడానికి ఏముంది?

ఎప్పుడు, ఎలా, ఎంతసేపు, ఎన్నిసార్లు. ఈ మాటలతో మొదలైన ప్రశ్నకు నేనెప్పుడూ నొచ్చుకోలేదు. “ఎప్పుడు చూసినా”, “అసలు”, “రోజూ ఇంతే” ఈ మూడూ మాత్రం చెవిన పడగానే నాకు ఆ తర్వాత చెప్పేది వినిపించేది కాదు. “ఎప్పుడు చూసినా టీవీయేనా?” అని ఒకమ్మాయి అడిగింది నన్ను. ఆ అమ్మాయి చూసేది ఆరింటికి. ఆరింటికి నేను నలుగురి సంచులు సర్దుతూ, సీసాలు కడుగుతూ ఉంటాను. ఆ ఇరవై నిమిషాలు టీవీ పెట్టేదాన్ని. ఆ అమ్మాయి లెక్కలో రోజంతా టీవీయే. “రోజు మొత్తం మీద ఎంతసేపు చూస్తున్నాడాంటీ?” అని అడిగి ఉంటే, ఇరవై నిమిషాలని చెప్పేదాన్ని. ఆ పిల్లాడికి ఏడాదిన్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు. అంటే ఆ ఇరవై నిమిషాలూ తప్పే. అడిగిన తీరు బాగుంటే ఆ తప్పు నేను ఆ రోజే ఒప్పుకునేదాన్ని. అడిగిన తీరు బాగోక ఇంకో రెండు నెలలు పంతానికి పెట్టాను టీవీ. సిగ్గుపడుతూ చెప్తున్నాను.

ఇంకో రకం ఉంది. ఇది మనవాళ్ల స్పెషాలిటీ. పెద్దవాళ్లతో చెప్పాల్సింది పిల్లలతో చెప్పడం. “ఏంటి బంగారం, ముక్కు తుడవలేదా నీకు ఆంటీ? పొద్దుట్నుంచీ అలాగే ఉన్నావా?” (నవ్వులు) నవ్వుతున్నారంటే చేశారన్నమాట. దానికి నేనేం చెప్పాలి? పదినెలల పిల్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోవాలా? మాట తగుల్తుంది, జవాబు చెప్పే వీలుండదు. నేరుగా రెండు మాటలన్నా ఇంతకన్నా నయం.

రాత్రి పదకొండింటికి వచ్చే పొడుగాటి మెసేజ్ కూడా ఈ బాపతే. రాసినవాళ్లకు గుండె తేలికవుతుంది, చదివినవాళ్లకు నిద్ర పోతుంది. పొద్దున్నే ఏడింటికి ఆ నిద్ర లేని మనిషి చేతిలోనే మీరు పిల్లాణ్ణి పెడతారు. అది కూడా లెక్కేసుకోండి. నాకు తెలిసి బాగా పనికొచ్చే మెసేజ్ ఒక్కటే: “రేపు మీకు పది నిమిషాలు ఎప్పుడు వీలవుతుందక్కా? పాప నిద్ర గురించి మాట్లాడాలి.” విషయం ఏమిటో అందులో ఉండాలి. ఉత్త “మాట్లాడాలి” అని పంపితే ఆ రాత్రంతా టెన్షనే. పిల్లలు మధ్యాహ్నం పడుకునే వేళ ఫోన్ చేయడం అన్నిటికంటే మేలు. సాయంత్రం గుమ్మంలో మాత్రం వద్దు. మీరు అలిసిపోయి ఉంటారు, ఆవిడ అలిసిపోయి ఉంటుంది, పిల్ల మీ జుట్టు పీకుతూ ఉంటుంది, వెనకాల ఇంకొకరు వచ్చి నిలబడతారు.

సరే, అన్నీ ఇలా వీలు చూసుకుని, సౌమ్యంగా చెప్పాల్సినవేనా? కాదు. నేను వీటిని నా సౌకర్యానికి మూడుగా చూసుకుంటాను: ప్రాణం, పద్ధతి, ప్రెస్టీజ్. ప్రాణానికి సంబంధించిందైతే గుమ్మంలోనైనా, ఆ నిమిషమే చెప్పండి. ఎవరు నొచ్చుకున్నా పర్లేదు.

ప్రాణంలో మొదటిది నిద్ర. ఏడాది లోపు పిల్లల్ని ప్రతి నిద్రకూ, పగలైనా రాత్రైనా, వెల్లకిలానే పడుకోబెట్టాలి. గట్టిగా, సమంగా ఉన్న పక్క మీద. తల చుట్టూ దిండ్లు, బొమ్మలు, వదులు దుప్పట్లు ఉండకూడదు. ఇక్కడే చాలామంది పెద్దవాళ్లు ఒప్పుకోరు. “నేను ముగ్గుర్ని బోర్లా పడుకోబెట్టే పెంచాను, ఏమైంది?” అంటారు. వాళ్లను మూర్ఖులనుకోకండి. పాశ్చాత్య దేశాల్లో 1980ల దాకా చాలామంది డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమని చెప్పేవారు. నిద్రలో ఉన్నట్టుండి చనిపోతున్న పిల్లల్లో ఎక్కువమంది బోర్లా పడుకున్నవాళ్లేనని పరిశోధనల్లో తేలాక 1991లో బ్రిటన్లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దయెత్తున ప్రచారం మొదలుపెట్టారు. అమెరికాలో ఆ తర్వాతి పదేళ్లలో అలాంటి మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. అంటే ఆవిడ నేర్చుకున్ననాటికి అది సరైన సలహానే, తర్వాత మారింది. ఇలా చెప్తే ఆవిడ పరువు పోదు, పిల్ల పక్క మారుతుంది.

“వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?” అని అడుగుతారు. న్యాయమైన అనుమానమే, దానికి జవాబు తెలుసుకుని వెళ్లండి. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, అన్నవాహిక దాని కింద ఉంటుంది. కక్కిన పాలు ఎత్తుకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా తిప్పితే ఆ అమరిక తలకిందులవుతుంది. నేను ఈ మాట మా పెద్దావిడ ఒకరికి రెండు స్ట్రాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను. ఆవిడ ఆ స్ట్రాలను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇలా ఎవరూ చెప్పలేదమ్మా, వద్దు వద్దు అనేవాళ్లే” అంది.

కార్ సీటులోనో, ఊయల కుర్చీలోనో నిద్రపోయిన పిల్లని అలాగే గంటలతరబడి ఉంచడం కూడా ఇందులోకే వస్తుంది. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే శ్వాస దారి ఇరుకైపోతుంది. నిద్రపోతే తీసి పక్క మీద వేయాలి.

మిగతావి గబగబా చెప్తాను. ఏడాది లోపు తేనె చుక్క కూడా నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం బాక్టీరియా పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తుంది. ద్రాక్షపండు అలాగే ఇవ్వకూడదు, నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. స్నానం దగ్గర, నీళ్ల బకెట్ దగ్గర ఒక్క నిమిషం కూడా వదలకూడదు, ముక్కూ నోరూ మునిగేన్ని నీళ్లుంటే చాలు. చక్రాల వాకరు వాడకూడదు. కెనడాలో 2004 నుంచి దాన్ని అమ్మడమే నిషేధం. ఎంత ఏడ్చినా పిల్లని కుదపకూడదు, మెదడులో రక్తం చిమ్ముతుంది. విసుగొస్తే పక్క మీద భద్రంగా పడుకోబెట్టి, తలుపవతలికి వెళ్లి రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకోమని ఆవిడకు మీరే చెప్పండి. మీకు కోపం రాదని ఆవిడకు ముందే తెలియాలి.

ఇక పద్ధతి. అసలు గొడవలన్నీ ఇక్కడే. ఒక్క పాల సంగతి చూద్దాం.

ఒకమ్మాయి పిండిన పాలు సీసాలో పోసి పంపేది. నూట ఎనభై మిల్లీలీటర్లు. పాప తొంభై తాగి మొహం తిప్పేసేది. రెండు గంటలు చూసి మిగిలింది పారబోసేదాన్ని. ఒకరోజు ఆ అమ్మాయి ముందే వచ్చి, నేను సింకులో పాలు ఒంపుతుండగా చూసింది. కళ్లమ్మట నీళ్లు. “ఆఫీసులో స్టోర్ రూంలో కూర్చుని ముప్పావుగంట పిండానాంటీ అవి” అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. నేను చేసింది నియమం ప్రకారం సరే. పిల్ల నోరు తగిలిన సీసాలోకి ఉమ్మి చేరుతుంది, అందులోని క్రిములు పాలల్లో పెరుగుతాయి, అందుకని రెండు గంటలు దాటాక ఆ పాలు పట్టకూడదు. కానీ నియమం సరైనంత మాత్రాన ముప్పావుగంట తిరిగి రాదు కదా.

ఆ రోజు ఆ అమ్మాయి ఒక మంచి పని చేసింది. కళ్లు తుడుచుకుని, “మరి పారబోయకుండా ఉండాలంటే ఎలా పంపమంటారు?” అని అడిగింది. అరవై మిల్లీలీటర్ల చొప్పున మూడు సీసాలు పంపమన్నాను. ఒకటి అయ్యాకే రెండోది తీస్తాను. ముట్టనిది ఫ్రిజ్‌లో ఉంటుంది. అప్పుడే పిండిన పాలు బయట పాతిక డిగ్రీలు దాటని వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. సీసా మీద తేదీ, టైము రాసి పంపమన్నాను. మర్నాటి నుంచి పారబోసింది మహా అయితే రెండు గుక్కలు. అదే వరసలో తనూ నన్నో మాట అడిగింది: “పాలు ఎలా వేడి చేస్తున్నారు?” నేను మైక్రోవేవ్‌లో పెడుతున్నాను. అందులో పాలు ఒకచోట చల్లగా, ఒకచోట నాలుక కాలేంత వేడిగా ఉంటాయని తనకు తెలుసు, నాకు తెలీదు. వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టడం ఆ రోజు నుంచే. తన పాలు పారబోస్తున్నందుకు నామీద కేకలేసి వెళ్లిపోయి ఉంటే ఆ మైక్రోవేవ్ ప్రశ్న వచ్చేదే కాదు.

ఇంకొకాయన ఉన్నాడు, ఓ బాబు వాళ్ల నాన్న. నన్ను ఇంత బాగా దారిలో పెట్టినవాళ్లు ఇంకొకరు లేరు. ఆయన శనివారం ఫోన్ చేసి, “వారం నుంచి వీడు ఇంట్లో చెంచా చూడగానే పెదాలు బిగించేస్తున్నాడక్కా. మీ దగ్గర ఎలా తింటున్నాడు?” అన్నాడు. అంతే. నేను గర్వంగా, “నా దగ్గరా? ప్లేటు ఖాళీ చేయకుండా లేవనివ్వను” అన్నాను. అనేశాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆయన తిట్టలేదు, పాఠం చెప్పలేదు. “అదేమైనా కారణమంటారా?” అన్నాడు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు. ముప్పయ్యేళ్ల కుర్రాడు నాకు చెప్తాడా అనుకున్నాను. సోమవారం కావాలనే గమనించాను. మొదటి ఆరు చెంచాలకు నోరు తానే తెరిచాడు. ఏడోదానికి తల పక్కకు తిప్పాడు. ఎనిమిదోది నేను బుగ్గ నొక్కి పెట్టాను. చేస్తున్నంతసేపూ నా చెయ్యి అలా చేస్తోందని నాకే తెలీదు.

ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక పోషకాహార నిపుణురాలు ఈ సంగతి తేలిగ్గా చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. నేను పిల్లాడి పని లాక్కున్నాను. తల తిప్పగానే ఆపేయడం మొదలుపెట్టాక పది రోజులకు ఇంట్లోనూ నోరు తెరిచాడు.

మూడోది ప్రెస్టీజ్. దీని గురించి ఎక్కువ చెప్పను. పంపిన గౌను వేయలేదని, జుట్టు వేరేలా దువ్విందని, మట్టిలో ఆడనిచ్చిందని. మింగేయండి. ఒక్కటి మాత్రం నిజంగా నొప్పి పెడుతుంది, పిల్ల ఆవిణ్ణి “అమ్మా” అని పిలవడం. నన్నూ పిలిచారు కొందరు. తల్లుల మొహాలు చూశాను. అందులో ఆవిడ తప్పూ లేదు, మీ తప్పూ లేదు. పిల్లకు అక్కడ సుఖంగా ఉందని మాత్రం తెలుసుకోండి.

ఇప్పుడు అటువైపు నుంచి ఒక ఫిర్యాదు. మైకు నా చేతిలో ఉంది కాబట్టి. (నవ్వులు)

ఒకరోజు ఎనిమిదింటికి ఒక పాపను దింపి వెళ్లారు. హుషారుగానే ఉంది. పదకొండున్నరకు ఒళ్లు కాలిపోతోంది. ఫోన్ చేస్తే, “అయ్యో, పొద్దున ఏడింటికి కొంచెం వేడిగా ఉంటే పారాసెటమాల్ పోశామండీ” అన్నారు. ఆ మాట ముందు చెప్పలేదు. చెప్తే నేను వద్దంటానని భయం. నేను పదింటికే నుదురు వేడెక్కిందని గమనించి, అడక్కుండా ఇంకో డోసు పోసి ఉంటే? ఆ మందుకు డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలుండాలి, రోజు మొత్తంలో నాలుగు డోసులు దాటకూడదు. దాటితే లివర్ మీద పడుతుంది. ఆవిడ మీకు నిజం చెప్పాలని మీకెంత ఉందో, ఆవిడకూ అంతే ఉంటుంది.

అందుకే నేను చివరి ఆరేళ్లు ఒక నోటుబుక్కు పెట్టాను. ఒక్కో పిల్లకు ఒక్కోటి. ఎడమ పేజీ ఇంటివాళ్లది: రాత్రి నిద్ర ఎలా పట్టింది, పొద్దున ఏం తిన్నది, మందు ఏదైనా పోశారా, ఎన్నింటికి. కుడి పేజీ నాది: పాలు, డైపర్, నిద్ర, టైములతో సహా. దెబ్బ తగిలితే ఎక్కడ, ఎలా. రాయడానికి రోజుకు అయిదు నిమిషాలు కూడా పట్టదు. “మార్చలేదా?” అన్న ప్రశ్న ఆ నోటుబుక్కు వచ్చాక మా గుమ్మంలో మళ్లీ వినపడలేదు. మొదటి రోజే ఇది అడగండి. రెండు వారాలయ్యాక ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామని కూడా మొదటి రోజే అనుకోండి. అప్పుడు ఆ కూర్చోవడం ఫిర్యాదులా ఉండదు, అనుకున్న మాటే అవుతుంది.

ఏడుపు గురించి చాలామంది చీటీలు పంపారు. పొద్దున వదిలేటప్పుడు ఏడిస్తే అక్కడేదో జరుగుతోందని అనుమానం. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి పిల్లలకు అమ్మ వేరు, మిగతావాళ్లు వేరు అని బాగా తెలుస్తుంది. పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆ బెంగ బాగా ఎక్కువగా ఉంటుంది. వదిలేటప్పుడు ఏడవడం మామూలే. మీరు చూడాల్సింది ఎంతసేపట్లో సర్దుకుంటోంది, సాయంత్రం ఎలా ఉంది అన్నది. “నేను వెళ్లాక ఎంతసేపు ఏడ్చింది?” ఇది అడగండి. చెప్పకుండా దొంగచాటుగా జారుకోవద్దు. రేపటి నుంచి మీరు బాత్రూంకి వెళ్లినా ఏడుస్తుంది.

అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. ఇంకా పాకడం కూడా రాని పిల్ల ఒంటి మీద కమిలిన గుర్తు. చెవి మీద, మెడ మీద, పొట్ట మీద గుర్తులు. ఆడుకుంటూ పడితే మోకాళ్లకూ నుదుటికీ తగుల్తాయి, అక్కడ తగలవు. అడిగిన ప్రతిసారీ కథ మారడం. ముందు చెప్పకుండా వస్తే లోపలికి రానివ్వకపోవడం. అలాంటప్పుడు నేను ఇందాకటి నుంచి చెప్పిందంతా పక్కన పెట్టేయండి. ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి అని చూడొద్దు. పిల్లని ఇంటికి తెచ్చుకోండి, డాక్టర్‌కు చూపించండి, పిల్లల రక్షణ చూసే అధికారులకు చెప్పండి. మాటలొచ్చిన పిల్లనైతే “ఆంటీ కొట్టిందా?” అని అడక్కండి. మూడేళ్ల పిల్ల మీ మొహం చూసి మీకు కావాల్సిన జవాబు చెప్తుంది. “ఇవాళ ఏం చేశావు, ఏం జరిగింది” అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ ఆకుపచ్చ చున్నీ అమ్మాయి, చెప్పమ్మా.

(ప్రశ్న: చెప్తే “అలాగేనమ్మా” అంటారు. మళ్లీ మామూలే. ఎన్నిసార్లు చెప్పాలి?)

ఏ విషయంలోనమ్మా? నిద్రా? దిండు పెడుతున్నారా? అయితే ఇంకొక్కసారే. ఈసారి నోటితో చెప్పి, తేదీ వేసి రాసి కూడా ఇవ్వు. “దిండు మళ్లీ కనపడితే పాపను పంపలేను” అని ఆ చీటీలోనే ఉండాలి. కోపంగా అనక్కర్లేదు. ఈలోగా ఇంకో చోటు వెతుక్కో, ఉత్తుత్తి బెదిరింపుగా మాత్రం అనొద్దు. అయితే ఆ ‘అలాగే’ ఎందుకంటున్నారో కూడా ఒకసారి చూడు. నలుగురు పిల్లలుండి ఆవిడ ఒక్కతే అయితే, చేయలేక అలాగే అంటుందేమో. “ఇది కుదరకపోవడానికి ఏం అడ్డొస్తోంది?” అని అడుగు. నా దగ్గరైతే చాలాసార్లు అడ్డొచ్చింది చేతులు రెండే ఉండటం.

(ప్రశ్న: మాన్పించేయాలనుకుంటే కారణం చెప్పాలా? చెప్పకుండా ఊరుకోవచ్చా?)

చెప్పాలమ్మా. ముందు అనుకున్న గడువు ప్రకారం చెప్పాలి, కారణం చెప్పాలి, వీలుంటే పిల్ల చేత టాటా చెప్పించాలి. ఏడాది పాటు రోజుకు తొమ్మిది గంటలు చూసిన మొహం మర్నాటి నుంచి మాయమైతే పిల్లకూ బెంగే.

నా దగ్గర ఒక బాబు పద్నాలుగు నెలలున్నాడు. ఒక శుక్రవారం మామూలుగానే తీసుకెళ్లారు, సోమవారం తీసుకురాలేదు. “ఇక పంపడం లేదండీ, థాంక్స్” అని మెసేజ్ వచ్చింది. వాడి మార్చుబట్టల సంచీ నా దగ్గరే ఉండిపోయింది. రెండు చొక్కాలు, ఒక నిక్కరు, ఎడమ సాక్సు ఒకటి. ఇచ్చేద్దామని రెండుమూడు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వాడి నోటుబుక్కు మొదటి నుంచీ తిరగేశాను, ఎక్కడ పొరపాటు చేశానా అని. వాడికి ఇప్పుడు పదేళ్లుంటాయి. నేనేం చేశానో నాకిప్పటికీ తెలీదు.